అంగడి మూసే ముందు రోజు గురించి, టైమింగులు నిర్ణయించే పెద్దలకు

చెన్నై, జనవరి 19, 2022

అయ్యా, అమ్మా, నమస్కారం.

పెరంబూర్ వైపు ఒక సందులో మాకు చిన్న మళిగ అంగడి, అంటే కిరాణా కొట్టు, ఉంది. మా మామగారు నెల్లూరు జిల్లా నుంచి వచ్చి పెట్టిన అంగడి అది, ఇప్పుడు మా ఆయన, నేను, మా మరిది చూసుకుంటున్నాం, గల్లా పెట్టె దగ్గర కూర్చునేది నేను. 10 అడుగుల వెడల్పు 14 అడుగుల లోతు గది, ముందర షట్టరు, వెనక బియ్యం మూటలు, అటక మీద సబ్బులు, అగరొత్తుల అట్టపెట్టెలు, అంతే. ఇదే ఉత్తరం మా అబ్బాయి తమిళంలో రాసి మెయిల్ కూడా పంపించాడు, కానీ నాకు మనసులో మాట వచ్చేది తెలుగులోనే, మా సందులో సగం మంది మాట్లాడేది కూడా తెలుగే, అందుకని నా మాటల్లో నేను రాస్తున్నా, తెలుగు చదివే చెన్నై వాళ్ళు కూడా చదువుతారని.

నేను చెప్పాలనుకున్నది ఒక్కటే. కరోనా వల్ల అంగళ్ళు మూసే రోజు గురించి మీరు చాలా ఆలోచిస్తారు, ఏది తెరవాలి ఏది మూయాలి, ఎవరికి పాస్ ఇవ్వాలి అని పేజీలకి పేజీలు ఆర్డర్లు వస్తాయి. దానికి ముందు రోజు ఏం జరుగుతుందో ఎవరూ ఆలోచించట్లేదు. మా గల్లా పెట్టె వెనకాల కూర్చుని చూస్తే జనం మీద జనం పడేది ఆ ముందు రోజే.

ఈ నెల 9న ఆదివారం పూర్తి లాక్‌డౌన్ అన్నారు కదా, 8న శనివారం సాయంత్రం ఆరింటికి మా అంగడి ముందర ఎలా ఉందో చెప్తా. మేం వాకిట్లో ముగ్గుపిండితో గుండ్రాలు గీస్తాం, 2020 నుంచి రోజూ పొద్దున గీయడమే, ఒక్కో గుండ్రంలో ఒక్కరు నిలబడాలని, మా సందులో పట్టేది ఆరు గుండ్రాలు. మామూలు రోజుల్లో ఆ ఆరు సరిపోతాయి, ఇంకా ఒకటో రెండో ఖాళీగానే ఉంటాయి. ఆ సాయంత్రం ముగ్గు ఎక్కడుందో కూడా కనపడలేదు, చెప్పుల కింద పడి మొత్తం తెల్లటి మరకయ్యింది, గల్లా ముందర కట్టిన నైలాన్ తాడు మీదకి నలుగురు వంగిపోయి చేతులు చాపుతున్నారు, అక్కా నాకు రెండు కిలోల కందిపప్పు, అక్కా మాకు ఫస్ట్ వెయ్యండి పిల్లోడు ఒంటరిగా ఉన్నాడు, అక్కా ఇడ్లీ బియ్యం ఉందా అయిపోయిందా. అందరికీ మాస్కులున్నాయి, నేను అబద్ధం చెప్పను, కానీ ఆ గోలలో మాట వినపడాలంటే ఏం చేస్తారు, మాస్క్ కిందకి లాగి అరుస్తారు. నా మొహానికి రెండడుగుల దూరంలో, నోరు తెరిచి, గట్టిగా. అలాంటి వాళ్ళు ఆ రెండు గంటల్లో ఎంతమందో లెక్కపెట్టే తీరిక కూడా లేదు నాకు.

ఒక్క ఆదివారమే కదా, ఒక్క పూట కూరగాయలు లేకపోతే ఏమవుతుంది, జనానికి ఎందుకంత తొందర అని మీలో కొంతమందికి అనిపించొచ్చు. నాకు కూడా మొదట్లో కోపం వచ్చేది. తర్వాత ఒకసారి మా పక్కింటి పెద్దాయన, రిటైర్డ్ టీచరు, ఆయన్ని అడిగా, ఎందుకు సార్ ఇద్దరు మనుషులకి 10 కిలోల గోధుమపిండి అని. ఆయన అన్న మాట నాకు గుర్తుండిపోయింది, అమ్మా ఒక్క రోజు అంటే నేను నమ్మను, అన్నాడు. నిజమే కదా. 2020 మార్చి 22 ఆదివారం ఒక్క రోజు జనతా కర్ఫ్యూ అన్నారు. 24వ తేదీ సాయంత్రం ఆరింటి నుంచి ఇక్కడ 144 సెక్షన్ పెట్టారు. అదే రాత్రి ఎనిమిదింటికి ప్రధానమంత్రి టీవీలో కనపడి దేశమంతా 21 రోజులు అన్నారు. ఒక్క రోజు 21 రోజులయ్యాయి, 21 ఇంకెన్నో రోజులయ్యాయి. అది చూసిన జనం మళ్ళీ ఒక్క ఆదివారం అంటే నెల సరుకు కొంటారు. అది వాళ్ళ అత్యాశ కాదండి, ఒకసారి దెబ్బ తిన్నవాళ్ళ జాగ్రత్త. ఆ భయం పోగొట్టాల్సింది మీరే.

కోయంబేడు కూరగాయల మార్కెట్ సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు, అయినా మా ఇంటి వైపు నుంచి చెప్తా. 2020 ఏప్రిల్ 24న చెన్నైలో 26 నుంచి నాలుగు రోజులు మళిగ అంగళ్ళు కూడా మూత అని ప్రకటన వచ్చింది. అంటే జనం చేతిలో మిగిలింది 25వ తేదీ శనివారం ఒక్కటే. జనం ఎగబడ్డారని మీరే ఆ రోజు ఒంటి గంటకి మూయాల్సిన అంగళ్ళని మూడింటి దాకా తెరవనిచ్చారు. మేం మళిగ సామానుతో పాటు ఉల్లిపాయలు, బంగాళాదుంపలు, టెంకాయలు, పచ్చిమిరపకాయలు కూడా పెడతాం, అవి తేవడానికి మా ఆయన తెల్లవారుజామున మూడింటికే కోయంబేడు వెళ్ళాడు. 1996లో కొత్వాల్ చావిడి నుంచి ఆ మార్కెట్‌ని అక్కడికి మార్చిందే జనం ఒత్తిడి తగ్గాలని, మూడు వేల పైన అంగళ్ళు ఉన్న జాగా అది, మా ఆయన ఎన్నో ఏళ్ళుగా వెళ్ళే చోటు. అలాంటి మనిషి ఇంటికి వచ్చి మూటలు దించకుండా వాకిట్లోనే నిలబడి, నీళ్ళు తోడు ముందు స్నానం చేస్తా, అన్నాడు. ఉల్లిపాయల గోడౌన్ దగ్గర లోపలికి వెళ్ళడానికి ఎంత సేపు పట్టిందో అంతకంటే బయటికి రావడానికి జాస్తి పట్టిందంట, ముందు ఉన్నవాడి వీపుకి తన మొహం ఆనుకుపోయిందంట. మే 5న ఆ మార్కెట్ మూశారు. అక్కడి నుంచి కడలూరు, విల్లుపురం, అరియలూరు దాకా కూలీలతో పాటు రోగం ఎలా పోయిందో ఆ రోజుల్లో పేపర్లన్నీ రాశాయి. కూరగాయలు ఊరి బయట తిరుమళిసైకి మారాయి, వానకి అక్కడి బురదలో మోకాలి దాకా దిగబడి మూటలు మోసుకొచ్చారు మా ఆయన లాంటి వాళ్ళు, సెప్టెంబరు ఆఖరు దాకా.

ఆ ఒక్క 25వ తేదీ వల్లే అంతా అయ్యిందని నేను అనట్లేదు, నేను డాక్టరుని కాదు, అంతకు ముందు నుంచే అక్కడ రోగం తిరుగుతూ ఉండొచ్చు. కానీ నాలుగు రోజులు మూయడానికి ముందు లక్షల మందిని ఒక్క పూట బజార్లోకి తోలడం ఏ లెక్కలో మంచిదండి?

లెక్క అంటే గుర్తొచ్చింది, మా అంగడి లెక్క చెప్తా. మామూలు రోజు పొద్దున ఆరు నుంచి రాత్రి పది దాకా తెరిస్తే దాదాపు 200 మంది వస్తారు. 16 గంటలు, అంటే గంటకి పన్నెండు పదమూడు మంది, ఒకరు వెళ్తుంటే ఒకరు వస్తుంటారు. 2021 మే 15 నుంచి మీరు పొద్దున 6 నుంచి 10 దాకానే అన్నారు. జనం తగ్గుతారా? అదే 200 మంది, ఎందుకంటే అందరికీ కడుపులు ఉన్నాయి. నాలుగు గంటలకి 200 అంటే గంటకి 50 మంది. టైమ్ నాలుగో వంతు చేస్తే గుంపు నాలుగింతలు అయ్యింది, పైగా పదింటికి షట్టరు దించకపోతే పోలీసులు వస్తారని మాకు కంగారు, దొరకదేమోనని వాళ్ళకి కంగారు, ఆ కంగారులో దూరాలు ఎవరికి గుర్తుంటాయి. రోడ్ల మీద తిరిగే జనాన్ని తగ్గించాలని మీరు అలా చేశారని నాకు తెలుసు, పదింటి తర్వాత రోడ్లు ఖాళీగా ఉండేవి కూడా, టీవీలో చూపించేవాళ్ళు ఖాళీ రోడ్లని. పొద్దున ఎనిమిదిన్నరకి మా సందుని చూపించిన వాళ్ళు లేరు.

ఇంకొకటి, ఇది మీరు తప్పకుండా వినాలి. మా సందు చివర ఉన్న ఇళ్ళల్లో ఎక్కువ మంది పారిశుద్ధ్య కార్మికులు, మన తెలుగు వాళ్ళే, తాతల కాలం నుంచి ఈ ఊరి వీధులు ఊడుస్తున్న కుటుంబాలు. వాళ్ళు ఆరింటికల్లా డ్యూటీలో ఉండాలి, దిగేసరికి మధ్యాహ్నం. మీ ఊరు ఊడ్చే మనిషికి మీరిచ్చిన టైమ్‌లో ఉప్పు పప్పు కొనుక్కునే దారి లేదు. ఒకావిడ నాతో అంది, అక్కా మా డ్యూటీ దిగే లోపల మీ షట్టర్ దిగిపోతుంది, ఇంక మేం ఎప్పుడు కొనుక్కోవాలి అని. ఆవిడ రోజూ కొనేది ఏమిటో తెలుసా, పావు కిలో పప్పు, పది రూపాయల చింతపండు, ఒక నూనె పాకెట్ చిన్నది, ఒక అగ్గిపెట్టె. నెల సరుకు ఒకేసారి కొనుక్కునే స్తోమత ఉంటే ఆవిడ కూడా ముందు రోజే వచ్చేది. నేను మధ్యాహ్నం రెండింటికి మా ఇంటి పక్క తలుపు తీసి ఆ పొట్లాలు చేతికిచ్చా, ఆ వారమంతా రోజూ ఇచ్చా. అది రూలు తప్పడమే, ఒప్పుకుంటున్నా, ఇప్పుడు మళ్ళీ అలాంటి రూలు పెడితే మళ్ళీ ఇస్తా.

ఆ తర్వాత మే 24 నుంచి అసలు సడలింపులే లేని లాక్‌డౌన్ అని చెప్పి, దాని ముందు 22, 23 తేదీల్లో అన్ని అంగళ్ళు రాత్రి 9 దాకా తెరవచ్చు అన్నారు. టైమ్ ఎక్కువ ఇచ్చారు, అందుకు మెచ్చుకోవాలి, 2020లో కంటే నయం. కానీ వారం రోజుల పని రెండు రోజుల్లో చెయ్యమన్నారు. 23 ఆదివారం రాత్రి మా బిల్లు చీటీల పుస్తకం చూస్తే 500 దాటాయి, చీటీ రాయకుండా ఇచ్చినవి వేరే. ఆ రెండు రోజులూ తూకం దగ్గర నిలబడింది మా మరిది. మనిషికి 38 ఏళ్ళు, ఏ జబ్బూ లేదు, 25 కిలోల బియ్యం మూట ఒక్క భుజం మీద వేసుకుని అటక నిచ్చెన ఎక్కేవాడు. 28న జ్వరం వచ్చింది. ఎవరి నుంచి వచ్చిందో, ఆ రెండు రోజుల్లోనే వచ్చిందో వేరే ఎక్కడైనా వచ్చిందో నేను చెప్పలేను, ఎవరూ చెప్పలేరు. 11 రోజులు హాస్పిటల్లో ఉన్నాడు, దేవుడి దయ, బతికి వచ్చాడు. ఇప్పటికి ఎనిమిది నెలలు కావస్తోంది, నిచ్చెన రెండు మెట్లు ఎక్కితే ఆగి గోడ పట్టుకుంటాడు, మూటలు మా అబ్బాయి ఎత్తుతున్నాడు కాలేజీ నుంచి వచ్చాక. మా మరిది ఏమీ అనడు, తూకం దగ్గర స్టూలు వేసుకుని కూర్చుని పొట్లాలు కడతాడు, ఎవరైనా మూట అడిగితే నా వైపు చూస్తాడు. ఆ చూపు నాకు చాలా కష్టంగా ఉంటుంది.

2021 ఫిబ్రవరిలో ఫ్రంట్‌లైన్ వాళ్ళకి వ్యాక్సిన్ మొదలుపెట్టినప్పుడు పోలీసులు, మున్సిపల్ కార్మికులు, రెవెన్యూ వాళ్ళు ఉన్నారు, ఉండాలి కూడా. అంగడి వాళ్ళు లేరు. ప్రతి ఆర్డరులో మమ్మల్ని అత్యవసరం అని రాస్తారు, సూది దగ్గరికి వచ్చేసరికి మా వయసు లైనులో నిలబడాలి. మా మరిది 38 ఏళ్ళవాడు కాబట్టి 18 దాటిన వాళ్ళకి తెరిచిన మే నెల దాకా ఆగాల్సి వచ్చింది, అప్పుడు డోసులు లేవు. జరిగిపోయినదాన్ని తవ్వడానికి కాదు రాసింది, ఇప్పుడు బూస్టర్ అంటున్నారు కదా, ఈసారన్నా లిస్టు రాసేటప్పుడు రోజంతా జనం మధ్య నిలబడేది ఎవరో ఒకసారి చూడండి.

మాస్కుల గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే అన్నిటికీ మాస్క్ వేసుకోమని చెప్తే అయిపోతుందని అనుకుంటున్నారేమో అని నా అనుమానం. నేను మాస్క్‌కి వ్యతిరేకం కాదు, అందరికంటే గట్టిగా అడిగేది నేనే. కానీ 16 గంటలు వేసుకోవడం అంటే ఏమిటో వేసుకున్న వాళ్ళకి తెలుస్తుంది. మే నెలలో మా షట్టరు రేకు పెనంలా కాలుతుంది, మధ్యాహ్నానికి గుడ్డ మాస్క్ లోపల తడిసి ముద్దయిపోయి మూతికి అంటుకుంటుంది, ఊపిరి పీలిస్తే గుడ్డ కూడా లోపలికి వస్తుంది. కళ్ళజోడు మీద ఆవిరి పట్టి తూకం అంకెలు కనపడవు, తుడుచుకుంటే మళ్ళీ పడుతుంది. చెవుల వెనకాల పుండ్లు పడ్డాయి నాకు, ఇప్పుడు రెండు తాళ్ళనీ వెనక్కి లాగి కొప్పు దగ్గర పిన్నీసుకి తగిలిస్తున్నా, మా సందులో ఆడవాళ్ళు చాలామంది అలాగే చేస్తున్నారు నన్ను చూసి. గుడ్డ మాస్క్ వదిలేసి మేం ముగ్గురం ఎన్95 వేసుకోవడం మొదలుపెట్టింది మరిది హాస్పిటల్ నుంచి వచ్చాకే, అది ముందే చేసి ఉండాల్సింది. ఒక్కోటి రోజుల తరబడి మార్చి మార్చి వాడుకుంటాం, పేపరు కవర్లో పెట్టి వారం పేరు రాసి మేకుకి తగిలిస్తాం, సోమవారం మాస్క్ మళ్ళీ వచ్చే సోమవారానికి.

కొనేవాళ్ళ సంగతికి వస్తే మాస్క్ తియ్యడానికి మనిషికి వంద కారణాలు. చింతపండు పాతదా కొత్తదా అని వాసన చూడటానికి తీస్తారు. కవర్ నోరు తెరుచుకోకపోతే వేలు తడి చేసుకోవడానికి తీస్తారు, నోట్లు లెక్కపెట్టడానికి కూడా అదే. ఫోన్ వస్తే తీస్తారు, చెవిటి వాళ్ళ కోసం అయితే మేమే తియ్యాలి ఎందుకంటే వాళ్ళు పెదాలు చూసి అర్థం చేసుకుంటారు. నేను ఒక్కొక్కదానికి ఒక ఉపాయం చేసుకున్నా, గల్లా పక్కన చిన్న గిన్నెలో తడి స్పంజి పెట్టా వేలికి, చింతపండు కొంచెం తీసి విడిగా చూపిస్తా, చీటీ రాసి తెచ్చిన వాళ్ళకి బుట్ట పెట్టా, అందులో వేసి వెళ్తే పావుగంటకి కట్టి పెడతాం, వాట్సాప్‌లో లిస్ట్ పంపిస్తే ఇంకా మంచిది. గంటకి 12 మంది వచ్చేటప్పుడు ఇవన్నీ నడుస్తాయి. నేను నెమ్మదిగా చెప్తాను, అన్నా కొంచెం పైకి లాక్కోండి అని, వాళ్ళూ నవ్వి లాక్కుంటారు. గంటకి 50 మంది వస్తే చెప్పే టైమ్ ఎక్కడిది, చెప్తే వెనక ఉన్నవాళ్ళు నా మీద కేకలేస్తారు తొందరగా కానివ్వమని. మాస్క్ పనిచెయ్యాలంటే జనం పల్చగా ఉండాలండి, అంత రద్దీలో మాస్క్ ముక్కు మీద ఆగదు.

జరిమానాల విషయం ఒకటి. 2020 సెప్టెంబరులో మాస్క్ లేకపోతే 200, రూల్ తప్పిన అంగడికి 5000 అని పెట్టారు, ఈ నెల 200ని 500 చేశారు. ఒక మూసివేత ముందు రోజు తనిఖీకి వచ్చిన వాళ్ళు మా వాకిట్లో మాస్క్ గడ్డం కింద ఉన్న ముగ్గుర్ని చూసి వాళ్ళని వదిలేసి మాకు 5000 రాశారు. లోపల మేం ముగ్గురం మాస్క్‌లతోనే ఉన్నాం. ఎవరు, ఏ ఆఫీసు అని నేను రాయను, వాళ్ళు కూడా పైనుంచి లెక్క చూపించమంటే తిరుగుతున్న వాళ్ళే, ఆ జరిమానా రాసిన అబ్బాయి మొహంలో కూడా అలసట కనపడింది నాకు. 5000 అంటే మాకు ఎన్ని కిలోల పప్పు మీద మిగిలేదో ఆలోచించండి, కిలోకి నాలుగైదు రూపాయలు మిగిలితే గొప్ప. ఆ గుంపుని నేను పిలవలేదు. ఆ గుంపు ముందు రోజు సాయంత్రం వచ్చిన ప్రకటనతో వచ్చింది.

గాలి గురించి మీకు తెలుసని నాకు తెలుసు. 2021లో పెద్ద అంగళ్ళు మూయించి, మళిగ అంగళ్ళని ఏసీ లేకుండా నడపమన్నారు, అప్పుడు నాకు సంతోషం వేసింది, పోటీ తగ్గిందని కాదు, మూసిన తలుపుల వెనక ఒకరు వదిలిన ఊపిరే ఇంకొకరు పీలుస్తారనే సంగతి ఆర్డరులోకి ఎక్కిందని. నుదుటి మీద థర్మామీటర్ పెట్టి చేతిలో శానిటైజర్ పోసి లోపలికి పంపితే సరిపోదని జ్వరం రాకుండానే రోగం అంటించిన వాళ్ళని చూశాక అందరికీ అర్థమైంది. మా లాంటి అంగడి మొహం మొత్తం వీధిలోకి తెరిచి ఉంటుంది, కొనేవాళ్ళు నిలబడేది ఆకాశం కింద. మేం వెనక గోడలో ఒక ఎగ్జాస్ట్ ఫ్యాన్ కూడా పెట్టించాం పోయిన జులైలో, 1800 అయ్యింది ఎలక్ట్రీషియన్ కూలీతో కలిపి, ముగ్గుపిండి చల్లి చూస్తే పొడి వెనక్కి పోతుంది, అంటే గాలి కదులుతోంది. ఊళ్ళో ఇలాంటి వీధి అంగళ్ళు ప్రతి సందులోనూ ఉన్నాయి. అందరూ తమ సందు అంగడిలో, తమకి వీలైన టైమ్‌లో, నడిచి వెళ్ళి కొనుక్కుంటే దానికంటే సేఫ్ ఏముంటుంది. 2020 జూన్‌లో మీరే చెప్పారు, 2 కిలోమీటర్ల లోపలే కొనుక్కోండి బండి తియ్యకండి అని. అది మంచి మాట, దాన్ని సగంలో వదిలేశారు.

మీరు మంచి చేసినవి కూడా నేను చూశా, చూసినవే మళ్ళీ చెయ్యమంటున్నా. 2020 ఏప్రిల్‌లో రేషన్ కార్డుకి 1000 రూపాయలు ఇచ్చినప్పుడు తేదీ, టైమ్ రాసి టోకెన్లు ఇచ్చారు, మా సందులో వాళ్ళు ఆ టైమ్‌కే వెళ్ళి పది నిమిషాల్లో వచ్చేశారు. ఈ నెల పొంగల్‌కి 21 వస్తువుల సంచి కూడా టోకెన్ మీదే ఇచ్చారు. 2021లో మే 31 నుంచి మా లాంటి అంగళ్ళకి పర్మిషన్ ఇచ్చి బండి మీద ఇంటింటికీ మళిగ సామాను అమ్మమన్నారు, పొద్దున ఏడు నుంచి సాయంత్రం ఆరు దాకా. ఆ రోజుల్లో మా మరిది హాస్పిటల్లో ఉన్నాడు, మా ఆయనా మా అబ్బాయీ మూడు చక్రాల బండి మీద సామాను వేసుకుని తిరిగారు. ఫోన్లో లిస్ట్ చెప్పడం, గుమ్మం దగ్గర పెట్టడం, డబ్బులు ఫోన్‌పేలో, లేదంటే ప్లేట్లో. ఎవరూ ఎవరి మీదా పడలేదు. వీధిలో అవ్వలు బాల్కనీ నుంచి తాడుకి సంచి కట్టి దించేవాళ్ళు, పైకి లాక్కుని ఆశీర్వదించేవాళ్ళు. ఈ రెండేళ్ళలో భయం లేకుండా మేం వ్యాపారం చేసింది ఆ వారమే అంటే నమ్మండి. కాబట్టి దారి మీకు తెలియక కాదు, పోయినసారి తెలుసుకున్నది ఈసారి ఆర్డర్లోకి రావట్లేదు అంతే.

ఈ 23 ఆదివారం సంగతి మీరు ఇంకా చెప్పలేదు, అందుకే ఇంత ఆదరాబాదరాగా రాస్తున్నా. మూసేటట్టయితే ఈ రోజే చెప్పండి, శుక్రవారం రాత్రి కాదు. ఇంకా మంచిది ఏమిటంటే ఏసీ లేని వీధి అంగళ్ళని ఆదివారం కూడా తెరవనివ్వండి, కావాలంటే లోపలికి ఎవరినీ రానివ్వకుండా వాకిట్లోనే ఇచ్చేటట్టు, లేదా బండి మీద ఇంటికి ఇచ్చేటట్టు 2021 లాగా. ఆదివారం అంగడి ఉందని తెలిస్తే శనివారం ఎవరు తొక్కుకుంటారు? బీచ్ మూయండి, సినిమా మూయండి, పెళ్ళికి మనుషుల లెక్క పెట్టండి, వాటి గురించి నేను మాట్లాడను, పప్పు ఉప్పు దగ్గర మాత్రం గంటలు తగ్గించకండి, వీలైతే పెంచండి. ఎప్పుడైనా తప్పక గంటలు తగ్గించాల్సి వస్తే ఆ గంటలు వేసేటప్పుడు మీ పారిశుద్ధ్య కార్మికులు, నైట్ డ్యూటీ నర్సులు, వాచ్‌మన్‌లు ఏ టైమ్‌కి ఇంటికొస్తారో ఒక్కసారి అడిగి వెయ్యండి. 500 జరిమానా వేసే చేత్తోనే ఒక మాస్క్ కూడా ఇవ్వండి, మంచిది, ముక్కు దగ్గర కమ్మీ ఉన్నది. తనిఖీకి వచ్చేవాళ్ళని రద్దీ రోజు మా దగ్గరికి లైను పెట్టించడానికి పంపండి, ఒక్క మనిషి నిలబడి గుండ్రాల్లో నిలబెడితే చాలు, ఆయన చెప్తే వింటారు, నేను చెప్తే వినరు.

ఈ లోపల మేం చేసేది మేం చేస్తాం. శుక్రవారం రాత్రి కూర్చుని అర కిలో, పావు కిలో పొట్లాలు 300 కట్టి పెడతాం, కందిపప్పు, మినప్పప్పు, చక్కెర, బొంబాయి రవ్వ, తూకం దగ్గర ఆలస్యం కాకుండా. శనివారం పొద్దున ఐదింటికి రాత్రి కర్ఫ్యూ అయిపోగానే షట్టరు ఎత్తుతా. పెద్దవాళ్ళకి ఐదు నుంచి ఏడు అని బోర్డు తమిళంలో, తెలుగులో రాయించా. ముగ్గుపిండి రెండు డబ్బాలు పక్కన పెట్టుకున్నా, చెరిగినప్పుడల్లా మళ్ళీ గీయడానికి మా సందు పిల్లలు ఇద్దరు వస్తామన్నారు. మరిదిని ఆ రోజు అంగడిలోకి రానివ్వను, మేడ మీద కూర్చుని ఫోన్లో లిస్టులు తీసుకుంటాడు.

మీ ఆర్డరు కోసం రోజూ సాయంత్రం న్యూస్ చూస్తున్నాం.

ఇట్లు,
పెరంబూర్ వైపు ఒక మళిగ అంగడి గల్లా దగ్గర నుంచి